మా అత్త నడక, మా అత్త పాట

మా క్రైస్తవ సంఘంలో ఎవరైనా చనిపోతే పెట్టెను గుడి దగ్గర నుంచి సమాధుల తోట దాకా పాటలతో తీసుకెళతాం. రోడ్డు మీద పుస్తకం చూసుకుంటూ నడవడం ఎవరికి కుదురుతుంది? అందుకని ఒకరు పెట్టె వెనకాలే నడుస్తూ పాటలో ఒక్కొక్క లైనూ ముందుగా గట్టిగా చెబుతారు. వెనక ఉన్న జనం దాన్ని అందుకుని పాడతారు. వాళ్ళు పాడటం అయ్యేసరికి తరవాతి లైను సిద్ధంగా ఉండాలి. దీన్ని మేం పాట అందించడం అంటాం. రేపల్లెలో నలభై ఏళ్ళకు పైగా ఆ పని చేసింది మా మేనత్త.

నా చిన్నప్పుడే మా అమ్మ పోతే నన్ను పెంచింది ఆవిడే. పెళ్ళి చేసుకోలేదు. స్కూల్లో తెలుగు టీచరు. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని ఆవిడ పాట అందిస్తూ నడిచిన దారులు నాకు లెక్కలేనన్ని గుర్తున్నాయి. రోడ్డంతా గుంతలు, వానాకాలమైతే మోకాలి దాకా బురద. ఆవిడ కిందికి చూసేది కాదు. వెనక పాట సాగుతోందో లేదో చెవి పెట్టి వినేది. ముసలివాళ్ళు అలిసిపోయారనిపిస్తే నెమ్మదిగా సాగే పాట ఎత్తుకునేది. రెండు లైన్ల మధ్య దొరికిన ఆ కాస్త సందులో నా వైపు తిరిగి, "చెప్పు తెగిందేంటే? తీసి చేత్తో పట్టుకో" అని, మళ్ళీ ఖంగుమని తరవాతి లైను. ఒక్కసారైనా తడబడగా నేను చూడలేదు.

నిజం చెప్పాలంటే అదొక గొప్ప విషయమని నాకు ఏనాడూ అనిపించలేదు. పోపు వేస్తూ ఫోన్ మాట్లాడే మనిషిని చూసి ఎవరైనా నోరెళ్ళబెడతారా? అలాగే అనుకున్నాను. అత్త నడుస్తుంది, అత్త పాడుతుంది, అంతే. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

డెబ్బై అయిదు దాటాక అత్తను తెనాలి తీసుకొచ్చేశాను. నేను ఇక్కడే గవర్నమెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఆఫీసులో నా వెనకాల నన్ను 'గాలివాన' అనేవారట. నా ముందు అనే ధైర్యం ఎవడికీ లేదనుకోండి. మా ఆయన మాత్రం ఇంట్లో అంటారు, అదీ పక్క గదిలోకి వెళ్ళాక. నాకు ఆలస్యం పడదు. మాట ఆలస్యమైనా పడదు, మనిషి ఆలస్యమైనా పడదు.

పొద్దున్నే అత్తను కాలవ గట్టు మీద నడవడానికి తీసుకెళ్ళేదాన్ని. ఆవిడ దిగులు పడకుండా ఉండాలని దారంతా కబుర్లు చెప్పేదాన్ని, ఏదో ఒకటి అడుగుతూ ఉండేదాన్ని. నేను అడగ్గానే ఆవిడ టక్కున ఆగిపోయేది. నిలబడి, నా మొహంలోకి చూసి, జవాబు చెప్పి, అప్పుడు మళ్ళీ అడుగు వేసేది. రాత్రి నిద్ర పట్టిందా అంటే ఆగుతుంది. ఇడ్లీయా దోసా అంటే ఆగుతుంది. ఏళ్ళ తరబడి క్లాసులో నిలబడి పాఠం చెప్పిన మనిషి కదా, ఇదంతా టీచరమ్మ దర్జా అనుకున్నాను. వెనక నుంచి బళ్ళు హారన్ కొడుతుంటే నాకు చిరాకు తన్నుకొచ్చేది.

"నడుస్తూ చెప్పలేవా అత్తా? ఏదో సభలో ఉపన్యాసం ఇస్తున్నట్టు ఆగుతావేంటి?" అన్నాను ఒకరోజు.

ఆవిడ మొహం చిన్నబోయింది. "సర్లేవే, నడుస్తూనే చెప్తా" అంది.

మర్నాడు పొద్దున్న అదే గట్టు మీద, "ఇంట్లో కరివేపాకు ఉందా?" అని అడిగాను. ఆవిడ ఆగలేదు. నా మాట పట్టుకుని, నడుస్తూనే, "ఉంది, ఫ్రిజ్‌లో కింద..." అంటూ ఉండగానే కుడికాలు నేలకు రాసుకుంది. అక్కడ రాయి లేదు, గుంత లేదు. చదునైన తారు రోడ్డు మీద మా అత్త నా కళ్ళ ముందే బోర్లా పడిపోయింది. ఎడమ మణికట్టు విరిగింది. నేను లేవదీస్తుంటే ఆవిడ ముందు అన్న మాట, "కరివేపాకు కింద అరలో ఉందే" అని. నాకు ఏడుపొచ్చింది.

కట్టు విప్పాక ఎముకల డాక్టరు గారు తన దగ్గరున్న ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి పంపించారు. పాతికేళ్ళుంటాయేమో, సన్నగా ఉంది, గొంతు మాత్రం గట్టిది. చెయ్యి చూసింది, వేళ్ళు ఆడించమంది. పడ్డది ఎలాగో అడిగింది. నేను చెప్పాను, ముందురోజు విసుక్కున్న మాటతో, కరివేపాకుతో సహా. ఆ అమ్మాయి ఒక్క క్షణం నన్ను చూసి, "మామ్మగారూ, ఇక్కణ్ణుంచి ఆ తలుపు దాకా ఒకసారి నడవండి" అంది.

అత్త నడిచింది. బాగానే నడిచింది.

"ఇప్పుడు వందలోంచి మూడేసి తగ్గిస్తూ, పైకి చెబుతూ నడవండి."

"నేను తెలుగు టీచర్నమ్మా. ఆ లెక్కలు నాకు కూర్చున్నా రావు" అంది అత్త.

"అయితే మీకు బాగా వచ్చింది ఏదైనా చెప్పండి. కానీ కొంచెం తిరకాసుగా ఉండాలి."

రేపల్లె నుంచి తెనాలికి రైలు స్టేషన్లు అత్తకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. ఒకటి విడిచి ఒకటి చెప్పమంది ఆ అమ్మాయి. అత్త బయల్దేరింది. "రేపల్లె" అంది, రెండడుగులు వేసింది. "భట్టిప్రోలు" అంది, అడుగు చిన్నదైంది. ఆ తరవాత కాళ్ళు రెండూ పక్కపక్కకు వచ్చి ఆగిపోయాయి. ఆవిడ పైకప్పు వైపు చూసింది. "వేమూరు" అంది, నిలబడి. అన్నాక, ఎవరో గేటు తీసినట్టు, మళ్ళీ నడిచింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ అమ్మాయి మాత్రం సంతోషపడిపోయింది. "ఆగారు చూశారా ఆంటీ? అదే కావాలండి. ఆగకపోతేనే పడేది."

అప్పుడు ఆ అమ్మాయి స్టూలు లాక్కుని కూర్చుని మాకు చెప్పింది. "మనందరం కాళ్ళు వాటంతటవే నడుస్తాయనుకుంటామండి. నడవ్వు. అడుగు ఎక్కడ పడుతోంది, బరువు ఏ కాలి మీదుంది, నేల గట్టిదా మెత్తదా, ఒళ్ళు ఎటు ఒరుగుతోంది, ఇవన్నీ తల చూసుకుంటానే ఉంటది. వయసులో ఉన్నప్పుడు తలలో చోటు బోలెడుంటది కాబట్టి మనకి తెలీదు. పెద్దవాళ్ళయ్యాక నడకే చాలా చోటు తీసుకుంటది. అప్పుడు మనం ఇంకో ప్రశ్న అడిగితే తలకి రెండు పనులు. ఒకటి వదిలెయ్యాలి. మామ్మగారు నడక ఆపి మాట చెప్పారు. అది తెలివైన పనండి. మీరు ఆపొద్దన్నారు కాబట్టి ఆపలేదు, పడ్డారు."

ఎంత నెమ్మదిగా చెప్పినా అది చెంప మీద కొట్టినట్టే తగిలింది. ఇన్నాళ్ళూ అత్త ఆగుతుంటే దర్జా అనుకుని విసుక్కున్నాను. ఆవిడకు తెలియకుండానే ఆవిడ తల ఆవిణ్ణి కాపాడుకుంటోంది. దాన్ని నేను కరివేపాకు కోసం మానిపించాను.

"మీరు కూడా నడుస్తారా ఆంటీ? వందలోంచి ఏడేసి" అంది ఆ అమ్మాయి నా వైపు చూసి.

ఆఫీసులో ఏళ్ళ తరబడి లెక్కలు చూసిన దాన్ని, ఇదెంత అనుకుని లేచాను. తొంభై మూడు. ఎనభై ఆరు. డెబ్బై తొమ్మిది దగ్గర నా అడుగులు ఎవరో వెనక్కి లాగుతున్నట్టు బరువెక్కాయి. డెబ్బై రెండు అనేసరికి నా భుజం పక్క గోడకు రాసుకుంది. అత్త విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పగలబడి నవ్వింది. "గాలివాన తీరం దాటింది" అంది.

ఆ రోజు నుంచి నాకు లోకమే వేరేగా కనపడటం మొదలైంది. కూరగాయల మార్కెట్ దగ్గర నిలబడి చూసేదాన్ని. ఒక పెద్దాయన సంచితో వస్తుంటాడు, ఎదురొచ్చిన వాళ్ళు "ఏంటి బాబాయ్, బాగున్నారా?" అంటారు, ఆయన టక్కున ఆగి "బాగున్నానయ్యా" అంటాడు. మన వైపు పలకరించకుండా ఎవరూ పోరు, పలకరిస్తే బదులు చెప్పకుండా ఎవరూ ఉండరు. ఆ ముసలాళ్ళంతా రోడ్డు మీద ఎన్నిసార్లు ఆగుతున్నారో! ఇన్నేళ్ళూ అది మర్యాద అనుకున్నాను. మర్యాదే. దాని కింద ఇంకోటి జరుగుతోంది. పక్కన ఒక కుర్రది చంటిపిల్లను చంకనేసుకుని, చెవి దగ్గర ఫోను పెట్టుకుని మాట్లాడుతూ, మురుక్కాలవ మీద వేసిన బండ మీద నుంచి చకచకా నడిచిపోయేది. దేవుడా, ఈ తలకాయలో ఏం పెట్టావు, అనుకునేదాన్ని. అప్పుడు గుర్తొచ్చింది మా అత్త. నలభై ఏళ్ళు, బురదలో, గొడుగుతో, ఒక చేత్తో నన్ను లాక్కుంటూ, రెండు వందల మందికి పాట అందిస్తూ! ఎంత పెద్ద పని నా పక్కన జరిగింది, నేను దాన్ని చూడనే లేదు.

అత్తకు బాపట్లలో ఒక స్నేహితురాలు ఉండేది. ఇద్దరూ రేపల్లెలో ఒకే స్కూల్లో పనిచేశారు, పన్నెండేళ్ళు ఒకే అద్దె ఇంట్లో ఉన్నారు. ఆవిడకూ పెళ్ళి కాలేదు. రిటైరయ్యాక తమ్ముడి కొడుకు దగ్గరికి బాపట్ల వెళ్ళిపోయింది. నేను ఆవిణ్ణి పెద్దత్త అని పిలిచేదాన్ని. అత్త చెయ్యి విరిగిన రెండు నెలలకు, పెద్దత్త మంచం పట్టిందని కబురొస్తే ఇద్దరం రైల్లో బాపట్ల వెళ్ళాం.

"ఏమే, కింద పడ్డావంట?" అంది పెద్దత్త పడుకునే.

"పడ్డాను. నువ్వు లేవటం లేదంట?" అంది అత్త.

ఇద్దరూ నవ్వుకున్నారు. కాసేపటికి పెద్దత్త నవ్వు ఆపింది. "మన ఒప్పందం వదిలేద్దాంలేవే. నువ్వు రోడ్డు మీద పాటెత్తుకుని దభీమని పడ్డావంటే, పెట్టెలో నుంచి నేను లేచి రావాల్సొస్తది."

ఆ ఒప్పందం సంగతి నాకూ తెలుసు. ముప్పై ఏళ్ళ కిందట తోటి టీచరు ఒకావిడ పోతే వాళ్ళ సొంతూళ్ళో పెట్టారు, అక్కడ పాట అందించిన మనిషెవరో లైన్లు తప్పు చెప్పి, ఆఖరికి జనం పాడటం మానేశారట. తిరిగి వస్తూ వీళ్ళిద్దరూ మాట ఇచ్చుకున్నారు. ముందు పోయిన వాళ్ళకు మిగిలిన వాళ్ళు గుడి నుంచి మట్టి వేసే దాకా నడిచి పాట అందించాలి. మధ్యలో ఇంకొకరికి అప్పగించకూడదు.

"వదిలేది లేదు. నోరు మూసుకుని పడుకో" అంది అత్త. మంచం చివర కూర్చుని పెద్దత్త పాదాలు ఒళ్ళోకి తీసుకుని, మేం బయల్దేరే దాకా నొక్కుతూ కూర్చుంది.

ఇంటికొచ్చాక అత్త సాధన మొదలుపెట్టింది. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పినవన్నీ వేళ తప్పకుండా చేసేది. కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, ఒక కాలి వేళ్ళకు రెండో కాలి మడమ ఆనిస్తూ గీత మీద నడిచినట్టు నడవటం. కాలు కొంచెం గట్టిపడింది. గోడ పట్టుకోకుండా హాలంతా తిరిగేది. కానీ పాట కలిపితే మాత్రం కుదిరేది కాదు. లైను అందిస్తే కాలు ఆగేది. కాలు ఆగకుండా చూసుకుంటే లైను పోయేది. నేను వంటింట్లోంచి తొంగి చూసేదాన్ని. యాభై ఏళ్ళుగా నాలుక మీదున్న పాట, హాలు మధ్యలో నిలబడి ఆవిడ వెతుక్కునేది. ఒకరోజు అలా నిలబడే ఏడ్చింది. మా అత్త ఏడవగా చూడటం నాకు అది రెండోసారి. మొదటిది మా అమ్మ పోయినప్పుడు.

నాకు బాధ వస్తే కోపంగా బయటికొస్తుంది, ఏం చెయ్యను! ఒంటికాలి మీద లేచాను. "ఎందుకు నీకీ పంతం? మైకు పెట్టిన వ్యాన్లొచ్చాయి. ముందు సీట్లో కూర్చుని హాయిగా అందించు. ఎవడన్నా కాదంటాడా?"

"బండిలో కూర్చుని అందిస్తే అది రేడియో అవుద్దే. నడుస్తానని కదా చెప్పాను" అంది.

"నడుస్తూ పాడితే పడతావు! తుంటి విరిగితే లేస్తావా ఈ వయసులో?"

"నాకు తెలీదా?" అంది. ఆ మాట మెల్లగా అంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వేసవి మొదట్లో ఒక ఉదయం బాపట్ల నుంచి పెద్దత్త తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. తెల్లవారుజామున పోయిందట. తన తల్లి పక్కన రేపల్లెలోనే పెట్టమని ముందే చెప్పుకుంది కాబట్టి, చెరుకుపల్లి మీదుగా వ్యాన్లో రేపల్లె తీసుకొస్తున్నామని, సాయంత్రం నాలుగింటికి గుడి దగ్గర నుంచి బయల్దేరతామని చెప్పాడు. నేను ఫోన్ పెట్టేసి అత్త వైపు చూశాను. ఆవిడ అప్పటికే తెల్లచీర తీసి మంచం మీద పెట్టుకుంటోంది.

రేపల్లెలో గుడి నిండిపోయింది. ఇద్దరి దగ్గరా చదువుకున్న వాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఆరాధన అయ్యాక పెట్టెను సంఘం వాళ్ళ నాలుగు చక్రాల బండి మీదికి ఎక్కించారు. అప్పుడు అత్త అయ్యగారి దగ్గరికి వెళ్ళింది. ఆ పాస్టరు గారు ఆవిడ మనవడి వయసు వాడు.

"అయ్యగారూ, నాదొక మనవండి. ఇవాళ పాట నేనే అందిస్తాను. కానీ నిలబడి అందిస్తాను. ఒక చరణం అందరం నిలబడి పాడదాం. ఆ తరవాత నడుద్దాం. నడిచేటప్పుడు పాట వద్దు, మాట వద్దు. నేను చెయ్యెత్తితే మళ్ళీ ఆగుదాం."

అయ్యగారు ఏదో అనబోయేలోగా సంఘ పెద్ద ఒకాయన అడ్డం వచ్చాడు. "పాట లేకుండా నడిస్తే ఏం బాగుంటదండి టీచర్‌గారూ, మూగాళ్ళ ఊరేగింపులాగా? మన పద్ధతి కాదు కదండి."

"ఆవిడ ముప్పై అయిదేళ్ళు క్లాసులో సైలెన్స్, సైలెన్స్ అని అరిచిందండి. ఏ ఒక్కనాడైనా మీరు విన్నారా? ఇవాళైనా వినండి" అంది అత్త.

ఆయన కూడా పెద్దత్త స్టూడెంటే. తల గోక్కుని నవ్వేశాడు. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకున్నాడు. అయ్యగారు సరేనన్నారు.

అత్త నా వైపు తిరిగింది. "నువ్వు నా పక్కనే ఉండు. చెయ్యి పట్టుకోవద్దు. జాగ్రత్త అని కూడా అనొద్దు. అర్థమైందా?"

అర్థమైంది.

గుడి గేటు దగ్గర నిలబడి మొదటి చరణం అందించింది. గొంతు వణికింది గానీ ఒక్క లైనూ పోలేదు. జనం పాడారు. చరణం అయిపోయింది. అత్త పెదవులు బిగించి, కళ్ళు నేల మీదికి దించి, అడుగు వేసింది. బండి కదిలింది. వెనక మూడు వందల మంది, నోరు మెదపకుండా, కదిలారు.

నా జన్మలో అలాంటిది వినలేదు. మా వైపు చావుకైనా పెళ్ళికైనా శబ్దమే. మూడు వందల మంది నడుస్తుంటే అన్ని చెప్పులూ రోడ్డు మీద చేసే చప్పుడు ఎప్పుడైనా విన్నామా? వానలాగా ఉంది అది. చిన్న అడుగులు, కుంటి అడుగులు, ఈడ్చే అడుగులు, కర్రల టకటకలు. అందులో ప్రతి ఒక్కటీ ఏదో ఒక తలకాయ లోపల కూర్చుని చూసుకుంటోంది. బజారులో ఆటోలు ఇంజన్లు ఆపేశాయి. టీ కొట్టు ముందు కూర్చున్న వాళ్ళు లేచి నిలబడ్డారు. పాట వినపడితే పక్కకు తప్పుకునే జనం, పాట లేకపోయేసరికి ఎందుకో చేతులు కట్టుకుని నిలబడిపోయారు. నాకు కలిగింది భయమో భక్తో తెలియలేదు.

యాభై, అరవై అడుగులకు అత్త చెయ్యెత్తేది. బండి ఆగేది. ఆవిడ రెండు పాదాలూ ఎడంగా పెట్టుకుని నిలబడి, రెండుసార్లు ఊపిరి పీల్చి, చరణం అందించేది. జనం పాడేవారు. మళ్ళీ నిశ్శబ్దం, మళ్ళీ నడక. మధ్యలో ఒకాయన, అత్త పాత స్టూడెంటే అయ్యుంటాడు, జనంలోంచి దూసుకొచ్చి "టీచరమ్మా, నన్ను గుర్తు..." అనబోయాడు. నేను అడ్డం వెళ్ళి ఆయన నోటి మీద నా చెయ్యి పెట్టేశాను. పరాయి మగాడి నోటి మీద! ఆయన బిత్తరపోయాడు. ఆ తరవాత క్షమాపణ చెప్పుకున్నాననుకోండి.

సమాధుల తోట మలుపు దగ్గర పైపుల కోసం రోడ్డు అడ్డంగా తవ్వి, మట్టితో సగం పూడ్చి వదిలేశారు. బండిని నలుగురు ఎత్తి దాటించారు. అత్త దాని వైపే వెళుతోంది. నా గొంతు దాకా వచ్చేసింది, అత్తా గుంత, అని. అరవై ఏళ్ళుగా మేం ఇంట్లో పెద్దవాళ్ళను ప్రేమించడమంటే అదే కదా, గడప దగ్గర అరవడం, మెట్టు దగ్గర అరవడం. పళ్ళు బిగించి ఆపుకున్నాను. ఆవిడ గుంత ముందు ఆగింది. చూసింది. చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తి పట్టుకుంది. ఒక కాలు మట్టిలో వేసింది, అది దిగబడింది, ఒళ్ళు పక్కకు ఊగింది. ఎవరూ అరవలేదు. ఆవిడ ఆ ఊపు ఆగేదాకా ఉండి, రెండో కాలు అవతలి తారు మీద పెట్టి, పైకి వచ్చేసింది. నా బ్లౌజు చెమటతో తడిసి ముద్దయింది.

పావుగంట దారికి గంటకు పైనే పట్టింది. అలా నడిచి నడిచి గోతి దగ్గరికి చేరాం. పెట్టెను తాళ్ళతో లోపలికి దించారు. అయ్యగారు ప్రార్థన చేసి మట్టి వేశారు. ఇక ఆఖరి పాట మిగిలింది, జనం మట్టి వేస్తున్నంతసేపూ పాడేది.

గోతి చుట్టూ తవ్విపోసిన మట్టి వదులుగా, ఏటవాలుగా ఉంది. అక్కడ నడవక్కర్లేదు, ఊరికే నిలబడాలి. అత్త మొదటి లైను అందించింది. జనం పాడారు. రెండో లైను అందించింది. జనం పాడారు. మూడో లైనుకు నోరు తెరిచింది. రాలేదు. ఆవిడ పాదాల కింద మట్టి జారుతోంది, వేళ్ళతో నేలను పట్టుకోవాలని చూస్తోంది, ఒళ్ళంతా కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊగుతోంది. నిలబడటానికే తల మొత్తం సరిపోయింది. పాటకు చోటు మిగల్లేదు. జనం ఎదురుచూస్తున్నారు. లైను తెలిసిన వాళ్ళు ఆ జనంలో చాలామంది ఉన్నారు. ఎవరూ అందించలేదు. అది ఆవిడ చెప్పాల్సిన లైనని అందరికీ తెలిసిపోయింది.

అత్త నా వైపు చూసింది. గుడి దగ్గర చెయ్యి పట్టుకోవద్దన్న మనిషి తనే చెయ్యి చాచి నా భుజం పట్టుకుంది.

"నా కాళ్ళు నువ్వు చూసుకోవే. పాట నేను చూసుకుంటా" అంది.

నేను చెప్పులు విడిచేసి ఆ మట్టిలో కాళ్ళు పాతుకుని, వెనక నుంచి రెండు చేతులతో ఆవిడ నడుం చుట్టూ గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ తన బరువంతా నా మీద వదిలేసింది. ఎంత తేలిగ్గా ఉందో! ఆ పక్కటెముకలు ఒకసారి నిండుగా విచ్చుకున్నాయి. మూడో లైను వచ్చింది. నాలుగోది వచ్చింది. రెండో చరణం, మూడో చరణం, ఒకదాని వెనక ఒకటి ఆగకుండా, నేను చిన్నప్పుడు విన్న ఖంగుమనే గొంతుతో. ఆవిడ కళ్ళు మూసుకుని అందిస్తోంది. జనం పాడుతున్నారు. మట్టి పడుతోంది.

నాకు ఆ పాట మొత్తం వచ్చు. నేను మాత్రం ఒక్క లైను కూడా పాడలేదు. పాడితే ఎక్కడ నా చేతులు వదులవుతాయోనని.